మైటోకాండ్రియా వ్యాధుల పరిశోధనలో ఇరుక్కుపోయారా? వంశీ మూతా పరిశోధన నుంచి కొన్ని దారులు

ఇది మైటోకాండ్రియా (కణంలో శక్తిని తయారుచేసే భాగాలు) వ్యాధులపై పరిశోధన మొదలుపెట్టి మధ్యలో ఆగిపోయిన విద్యార్థుల కోసం. ఉదాహరణలన్నీ బోస్టన్‌లోని మసాచుసెట్స్ జనరల్ హాస్పిటల్ శాస్త్రవేత్త వంశీ మూతా పరిశోధనలోవే. ఆయన మొదట చదివింది గణితం, తర్వాత వైద్యం. 2014లో పద్మశ్రీ వచ్చింది. ఆయన పనిలో నాకు నచ్చేది ఒకటుంది: కొత్త యంత్రం కోసం ఎదురుచూడకుండా, వేరువేరు చోట్ల పడి ఉన్న సమాచారాన్ని ఒకచోట చేర్చి చూడటం.

సమస్య 1: క్రోమోజోమ్‌లో చోటు తెలిసింది, జన్యువు దొరకడం లేదు

కెనడాలో క్యుబెక్ రాష్ట్రంలోని సాగ్నే ప్రాంతంలో పసిపిల్లలకు ఒక రకం లీ సిండ్రోమ్ (మెదడును దెబ్బతీసే మైటోకాండ్రియా జబ్బు) వస్తుంది. అక్కడ దాదాపు 23 మందిలో ఒకరు వాహకులు, అంటే జబ్బు లేకపోయినా లోపమున్న జన్యువును మోసేవారు. లోపం 2వ క్రోమోజోమ్‌లో ఉందని తేలింది, పని అక్కడే ఆగింది.

కారణం: ఆ ముక్కలో జన్యువులు చాలా ఉన్నాయి. వాటిలో మైటోకాండ్రియాతో సంబంధం దేనికో తెలియదు.

పరిష్కారం: మూతా బృందం మూడు రకాల సమాచారాన్ని కలిపింది. డీఎన్ఏలో చోటు, మైటోకాండ్రియా జన్యువులతో పాటు హెచ్చుతగ్గులయ్యే ఆర్ఎన్ఏ, మైటోకాండ్రియాలో దొరికిన ప్రొటీన్లు. మూడింటిలోనూ నిలిచింది ఎల్ఆర్‌పీపీఆర్‌సీ అనే జన్యువు. ఇది 2003 నాటి సంగతి.

ఒక మాట. మైటోకాండ్రియా సొంత డీఎన్ఏ తల్లి నుంచే వస్తుంది కాబట్టి, మైటోకాండ్రియా జబ్బు అనగానే తల్లి నుంచే వచ్చిందనుకుంటారు. ఈ లోపం ఉన్నది కేంద్రక డీఎన్ఏలో కాబట్టి, తల్లి, తండ్రి ఇద్దరి నుంచీ లోపమున్న జన్యువు వస్తేనే బిడ్డకు జబ్బు. మేనరికాలు ఎక్కువున్న మన దగ్గర కుటుంబ చరిత్ర రాసుకునేటప్పుడు ఇది మర్చిపోవద్దు.

సమస్య 2: ప్రతి కొత్త రోగికీ వెతుకులాట మొదటి నుంచే

కారణం: మైటోకాండ్రియా సొంత డీఎన్ఏలో ఉన్నవి 37 జన్యువులే, వాటిలో ప్రొటీన్లు తయారుచేసేవి 13. మిగతా ప్రొటీన్లన్నిటి జన్యువులూ కేంద్రకంలో ఉంటాయి. వాటి జాబితా లేకుండా వెతకడమంటే, ఊళ్లో ఎవరెవరున్నారో తెలియకుండా దొంగను పట్టబోవడమే.

పరిష్కారం: 2008లో వచ్చిన మైటోకార్టా. ఎలుకల 14 కణజాలాలను పరీక్షించి 1,098 జన్యువుల పట్టిక తయారుచేశారు. దీన్ని ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు. ఎక్సోమ్ (డీఎన్ఏలో ప్రొటీన్లను తయారుచేసే భాగాలు) చదివిన ఫలితాలు చేతికొస్తే ముందు ఈ పట్టికతో పోల్చండి.

అయినా అన్నీ తేలిపోతాయనుకోవద్దు. 2012లో మైటోకాండ్రియా జబ్బున్న 42 మంది పసిపిల్లల్లో ఈ జన్యువులన్నీ చదివితే, దాదాపు సగం మందిలో గట్టి ఆధారం దొరకలేదు.

సమస్య 3: పని తెలుసు, ఆ పని చేసే ప్రొటీన్ తెలియదు

మైటోకాండ్రియా కాల్షియంను లోపలికి లాక్కుంటుందని 1960ల నుంచే తెలుసు. ఏ ప్రొటీన్ ద్వారానో దశాబ్దాల పాటు తేలలేదు.

కారణం: లోపలి పొరలో ఇరుక్కున్న ప్రొటీన్‌ను విడదీసి శుద్ధి చేయడం చాలా కష్టం.

పరిష్కారం: శుద్ధి చేసే గొడవ వదిలేసి పరిణామం వైపు చూశారు. ఇలా కాల్షియంను లాక్కోవడం ట్రిపనోసోమ్ అనే పరాన్నజీవుల్లో ఉంది, ఈస్ట్‌లో లేదు. మనలోనూ ట్రిపనోసోమ్‌లలోనూ ఉండి, ఈస్ట్‌లో లేని మైటోకాండ్రియా ప్రొటీన్లు ఏవి? మైటోకార్టా ఉంది కాబట్టే ఈ ప్రశ్న అడగగలిగారు. 2010లో ఎంఐసీయూ1 అనే ప్రొటీన్, దాని ఆధారంగా 2011లో అసలు ద్వారమైన ఎంసీయూ దొరికాయి. అదే సమయంలో ఇటలీలోని పాడువా బృందం కూడా ఎంసీయూని పట్టుకుంది.

సమస్య 4: జన్యువు దొరికింది, మందు లేదు

కారణం: లోపాలు వందల రకాలు. ఒక్కోదానికి ఒక్కో మందంటే అయ్యే పని కాదు.

పరిష్కారం: దెబ్బతిన్న కణానికి ఏ జన్యువును తీసేస్తే మేలు జరుగుతుందో క్రిస్పర్‌తో (జన్యువులను కత్తిరించే పద్ధతి) వెతికారు. వీహెచ్ఎల్ అనే జన్యువు తేలింది. అది లేకపోతే ఆక్సిజన్ తగ్గినప్పటిలా కణం స్పందిస్తుంది. అయితే నేరుగా ఆక్సిజనే తగ్గిస్తే? లీ సిండ్రోమ్ లాంటి జబ్బున్న ఎలుకలను 11 శాతం ఆక్సిజన్‌లో ఉంచితే ఆయుష్షు ఎన్నో రెట్లు పెరిగింది. 55 శాతంలో ఉంచినవి కొద్ది రోజుల్లోనే చనిపోయాయి. ఇది 2016 ఫలితం.

ఇది చదివి ఎవరూ ఇంట్లో ప్రయోగాలు చేయొద్దు, రోగికి డాక్టర్ పెట్టిన ఆక్సిజన్ తీయొద్దు. చూసింది ఎలుకల్లో, అదీ ఎన్‌డీయూఎఫ్ఎస్4 అనే ఒక్క జన్యువు లేనివాటిలో. పైగా తర్వాతి ప్రయోగాల్లో 17 శాతం ఆక్సిజన్ పనిచేయలేదు, రోజులో కొన్ని గంటలే తగ్గించడమూ పనిచేయలేదు.