మీ అబ్బాయి ఫుట్‌బాల్ కోచ్ అవుతానంటే

గణాంకశాస్త్రంలో డిగ్రీ చేతికి రాగానే మా వాడు అమెరికన్ ఫుట్‌బాల్ కోచింగ్‌లోకి వెళ్తానన్నాడు. మా వారికి నోట మాట రాలేదు. నేను ప్రశ్నలు మొదలుపెట్టాను, ఇప్పటికీ ఫోన్లో అడుగుతూనే ఉన్నాను. మీ ఇంట్లోనూ ఈ మాట వినిపిస్తే నేను తెలుసుకున్నవి పనికొస్తాయి.

ముందుగా, ఆడనివాడికి కోచ్ పని ఎవరిస్తారన్న సందేహం. పేరున్న కోచ్ మైక్ లీచ్ కాలేజీ జట్టులో ఆడలేదు, పెపర్‌డైన్‌లో న్యాయశాస్త్రం చదివాడు. టెక్సస్ టెక్, వాషింగ్టన్ స్టేట్, మిసిసిపి స్టేట్ విశ్వవిద్యాలయాల జట్లకు ప్రధాన కోచ్ అయ్యాడు. అయినా మాజీ ఆటగాళ్ళకే తలుపులు తొందరగా తెరుచుకుంటాయి. అందుకే ఆడని పిల్లలు డిగ్రీలో ఉండగానే వీడియో విభాగంలోనో, సామగ్రి గదిలోనో పని అడగాలి. కోచ్‌ల కళ్ళెదుట రోజూ తిరగడమే అక్కడ అసలు అర్హత.

తర్వాతి మెట్టు గ్రాడ్యుయేట్ అసిస్టెంట్. మాస్టర్స్‌లో చేరాలి. సాధారణంగా ఫీజు విశ్వవిద్యాలయమే కడుతుంది, పైన కొద్దిపాటి భత్యం ఇస్తుంది. పని మాత్రం కొద్దిపాటిది కాదు. రాబోయే ప్రత్యర్థి ఆడిన మ్యాచ్‌ల వీడియోలో ప్రతి ఎత్తునూ విడదీసి ఎన్నో డౌన్ (పది గజాలు ముందుకెళ్ళడానికి దొరికే నాలుగు అవకాశాల్లో ఎన్నోది), ఇంకా ఎన్ని గజాలు కావాలి, బంతి ఏ హాష్ (మైదానం మీది గుర్తు గీతలు) మీద ఉంది, ఎలా బారులు తీరారు అన్నీ నమోదు చేయాలి. ఆ లెక్కల్లోంచే మూడో డౌన్‌లో వాళ్ళు ఏం చేస్తారన్న అంచనా పుడుతుంది. (మా వాడి డిగ్రీ వృథా కాలేదని మా వారికి అప్పుడే నమ్మకం కుదిరింది.) ప్రత్యర్థిలా ఆడి చూపించే స్కౌట్ జట్టు కోసం కార్డుల మీద బొమ్మలు గీయడమూ వీళ్ళ పనే. సీజన్లో ఆటగాళ్ళ శిక్షణ వారానికి 20 గంటలు దాటకూడదని కాలేజీ క్రీడల సంస్థ ఎన్‌సీఏఏ నిబంధన ఉంది. కోచ్‌లకు అలాంటిదేమీ లేదు!

ఆపైన మెట్లు వరసగా ఆటను విశ్లేషించే అనలిస్ట్, ఒక స్థానం ఆటగాళ్ళను చూసే కోచ్, దాడి లేదా రక్షణ విభాగమంతా చూసే కోఆర్డినేటర్, ప్రధాన కోచ్. కాలేజీ ఫుట్‌బాల్ పై శ్రేణిలో మైదానంలో శిక్షణ ఇచ్చే సహాయకులు పదిమందికి మించకూడదన్న పరిమితిని 2024లో సడలించారు. అనలిస్టులూ ఇప్పుడు ఆటగాళ్ళకు నేర్పవచ్చు. కుర్రవాళ్ళకు ఇది మంచి మార్పు.

ఏ కాలేజీ అన్నదాని కంటే ఎవరి కింద అన్నదే నేను ఎక్కువ పట్టించుకుంటాను. అలబామా విశ్వవిద్యాలయ మాజీ ప్రధాన కోచ్ నిక్ సేబన్ 1973లో కెంట్ స్టేట్‌లో డాన్ జేమ్స్ దగ్గర గ్రాడ్యుయేట్ అసిస్టెంట్‌గా మొదలుపెట్టి, ఏడు జాతీయ టైటిళ్ళు గెలిచాడు. ఆయన వెంట ఏళ్ళ తరబడి పనిచేసిన కర్బీ స్మార్ట్ జార్జియా విశ్వవిద్యాలయానికి ప్రధాన కోచ్‌గా వెళ్ళి 2021, 2022 సీజన్లలో టైటిళ్ళు తెచ్చాడు. పెద్ద పేరున్న చోటే ఉండాలనీ లేదు. కర్ట్ సిగ్నెటీ అలబామా సహాయకుడి ఉద్యోగం వదిలి, 2011లో కింది శ్రేణి అయిన రెండో డివిజన్‌లోని పెన్సిల్వేనియా జట్టు ఐయూపీకి ప్రధాన కోచ్‌గా వెళ్ళాడు. అక్కడినుంచి ఈలాన్, జేమ్స్ మాడిసన్ మీదుగా ఇండియానా విశ్వవిద్యాలయం చేరి, 2024లో తొలి సీజన్లోనే 11 మ్యాచ్‌లు గెలిపించాడు.

ఇక తీసేయడం గురించి. ప్రధాన కోచ్ పోతే వెంట ఉన్నవాళ్ళలో చాలామంది పోతారు. 2023 నవంబరులో టెక్సస్ ఏ అండ్ ఎం విశ్వవిద్యాలయం ప్రధాన కోచ్ జింబో ఫిషర్‌ను తొలగించినప్పుడు ఒప్పందం ప్రకారం ఆయనకు రావలసింది 7.5 కోట్ల డాలర్లకు పైనే. కింది వాళ్ళకు ఆ వైభోగం ఉండదు. అందుకే కోచ్ మారినా మాస్టర్స్ పూర్తయ్యేదాకా ఫీజు కడతారా అని అడిగి, జవాబు రాతపూర్వకంగా తీసుకోమనండి. జీతం వచ్చే ఉద్యోగమైతే, తీసేశాక వేరే చోట చేరితే రావలసిన డబ్బులో ఎంత కోస్తారో ఒప్పందంలో చూడాలి. ఇల్లు కొనవద్దు, అద్దె చాలు.

జనవరిలో ఫుట్‌బాల్ కోచ్‌ల సంఘం ఏఎఫ్‌సీఏ సమావేశం జరుగుతుంది. ఉపన్యాసాల కంటే హోటల్ లాబీలోనే ఎక్కువ ఉద్యోగాలు మాట్లాడుకుంటారు, కాబట్టి దారిఖర్చులకు మీరే సాయం చేయండి. డిసెంబరు, జనవరుల్లో మాత్రం పెళ్ళిచూపులూ శుభకార్యాలూ పెట్టుకోకండి, కొత్త ఆటగాళ్ళ ఎంపికతో ఊపిరాడదు. అబ్బాయిని చూడటానికి వెళ్ళాలంటే జూలై మొదట్లో వెళ్ళండి. నెలాఖరుకల్లా సీజన్ ముందు శిక్షణ శిబిరం పనులు మళ్ళీ మొదలవుతాయి.