తప్పు చేయకపోయినా స్టేషన్ నుంచి పిలుపు వస్తే: న్యాయవాది విషయంలో పాటించవలసిన జాగ్రత్తలు

"ఒకసారి స్టేషన్‌కు వచ్చి వెళ్లండి, రెండు మాటలు అడగాలి" అని ఫోన్ వచ్చినప్పుడు, ఏ తప్పూ చేయని మనిషికి వెంటనే రెండు ఆలోచనలు కలుగుతాయి: నిజం చెబితే సరిపోతుంది కదా అన్నది ఒకటి, లాయరును వెంటబెట్టుకుని వెళితే అనుమానం ఇంకా పెరుగుతుందేమో అన్నది రెండోది. ఈ రెండూ ప్రమాదకరమైనవే. న్యాయవాది అవసరం అరెస్టు తర్వాత కాదు, స్టేషన్ గడప తొక్కడానికి ముందే ఉంటుంది.

కారణం ఇది. నిర్దోషికి దాచవలసింది ఏమీ ఉండదు కాబట్టి అడిగినదానికీ అడగనిదానికీ సమాధానం చెబుతాడు. గుర్తులేని తేదీని ఊహించి చెబుతాడు. తర్వాత ఫోన్ కాల్ రికార్డో సీసీ కెమెరా దృశ్యమో ఆ తేదీతో సరిపోలకపోతే, అంతవరకు లేని అబద్ధం అతని మీద పడుతుంది. పోలీసుల దగ్గర ఏ ఆధారం ఉందో అతనికి తెలియదు. "గుర్తు లేదు" అన్న మాట నిజమైతే ఆ మాటే చెప్పాలని ముందుగా హెచ్చరించే మనిషి ఒకరు కావాలి.

మొదట తేల్చుకోవలసింది, మిమ్మల్ని సాక్షిగా పిలిచారా, అనుమానితుడిగా పిలిచారా అన్నది. 2024 జూలై 1 నుంచి పాత సీఆర్‌పీసీ స్థానంలో అమలులో ఉన్న నేర విచారణ ప్రక్రియ చట్టం భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో సెక్షన్ 179 కింద వచ్చే నోటీసు సాక్షులకు ఇచ్చేది. మహిళలను, 60 ఏళ్లు దాటినవారిని సాక్షులుగా వారి నివాసంలోనే ప్రశ్నించాలి తప్ప స్టేషన్‌కు రమ్మని ఒత్తిడి చేయకూడదు. సాక్షిగా పిలుపు వచ్చినప్పుడు న్యాయవాదితో ఒక గంట మాట్లాడి వెళ్లడం చాలు. సెక్షన్ 35(3) కింద నోటీసు వస్తే మాత్రం, అది అనుమానితులకు ఇచ్చేది కాబట్టి (పాత చట్టంలోని సెక్షన్‌ను బట్టి మనవాళ్లు ఇప్పటికీ 41ఏ నోటీసు అని పిలిచేది అదే), న్యాయవాదిని నియమించుకోకుండా వెళ్లవద్దు. అలాగని నోటీసును పక్కన పడేయడం అంతకంటే పెద్ద పొరపాటు: చెప్పిన రోజున హాజరై సహకరిస్తున్నంతకాలం, అధికారి కారణాలు రాతపూర్వకంగా నమోదు చేస్తే తప్ప అరెస్టు చేయకూడదు, హాజరు కాకపోతే ఆ రక్షణ పోతుంది.

పెట్టిన కేసు నాన్ బెయిలబుల్ అయితే, అంటే బెయిల్ హక్కుగా దొరకనిదైతే, సెషన్స్ కోర్టులోగాని హైకోర్టులోగాని సెక్షన్ 482 కింద ముందస్తు బెయిల్ కోరాలా వద్దా అన్నది న్యాయవాదితోనే తేల్చుకోవాలి. దీనికి ఆలస్యం పనికిరాదు. అరెస్టయిన తర్వాత ఆ దారి మూసుకుపోతుంది.

విచారణ జరిగేటప్పుడు మీకు నచ్చిన న్యాయవాదిని కలుసుకునే హక్కును సెక్షన్ 38 ఇస్తుంది, అయితే విచారణ ఆసాంతం ఆయన పక్కన కూర్చోవడానికి ఆ సెక్షన్ వీలివ్వదు. అందుకే ముందు రోజే కూర్చుని మాట్లాడుకోవడం ముఖ్యం. మిమ్మల్ని నేరంలోకి నెట్టే ప్రశ్నకు జవాబు చెప్పమని బలవంతం చేయకూడదని రాజ్యాంగం 20(3) అధికరణం చెబుతుంది. 1978లో నందినీ శతపథి కేసులో సుప్రీంకోర్టు ఆ రక్షణ పోలీసు విచారణ దశకూ వర్తిస్తుందని స్పష్టం చేసింది. అధికారితో మర్యాదగా ఉంటూనే ఈ హక్కును వాడుకోవచ్చు.

తెల్లకాగితం మీద సంతకం ఏ పరిస్థితిలోనూ పెట్టకండి. దర్యాప్తులో పోలీసులు రాసుకునే వాంగ్మూలం మీద సంతకం తీసుకోకూడదని చట్టమే చెబుతోంది. నోటీసు అందినట్లు ఇచ్చే సంతకం వేరు; దానిని తేదీ, సమయం వేసి ఇచ్చి, ఒక ప్రతిని దగ్గర ఉంచుకోండి. భయంతో ఫోన్‌లోని సందేశాలు చెరిపివేయడం, ఫిర్యాదుదారుడి ఇంటికి వెళ్లి బతిమాలడం వంటి పనులు నిర్దోషిని కూడా దోషిలా కనబడేలా చేస్తాయి. ఇక వీడియో కాల్‌లో "డిజిటల్ అరెస్ట్" అని బెదిరించేవారు మోసగాళ్లే, అటువంటి అరెస్టు ఏ చట్టంలోనూ లేదు.

ఫీజు భయంతో ఆగిపోయేవారు చాలామంది ఉన్నారు. మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు, కస్టడీలో ఉన్నవారికి ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయసహాయం లభిస్తుంది. జిల్లా కోర్టు ఆవరణలోని న్యాయసేవాధికార సంస్థను అడగవచ్చు, లేదా 15100కు ఫోన్ చేయవచ్చు. వెళ్లే ముందు న్యాయవాది నంబరును, వెళుతున్న స్టేషన్ పేరును, బయలుదేరిన సమయాన్ని ఇంట్లోవారికి కాగితం మీద రాసి ఇవ్వండి. ఒకవేళ అరెస్టే జరిగితే, ప్రయాణ సమయం మినహా 24 గంటల్లోపు మేజిస్ట్రేటు ముందు హాజరుపరచాలి. ఆ కొద్ది వ్యవధిలో న్యాయవాదిని అక్కడికి చేర్చగలిగేది ఆ కాగితమే.