ఎండలు ముదరకముందే: మన నీళ్లలో బతికే అక్వేరియం చేపలు

పిల్లల పరీక్షలు అయిపోగానే ఇంట్లో అక్వేరియం పెడదామని నల్గొండ, మహబూబ్‌నగర్ వైపు చాలామంది ఏప్రిల్, మే నెలల్లో అనుకుంటారు. చేపలకు అంతకన్నా చెడ్డ సమయం లేదు. శివరాత్రికి ముందే తొట్టి సిద్ధం చేసుకోండి, కుదరకపోతే వానలు పడేదాకా ఆగండి.

చేపల మలమూత్రాల నుంచి అమ్మోనియా పుడుతుంది. దాన్ని నైట్రైట్‌గా, ఆ తర్వాత అంత హాని చేయని నైట్రేట్‌గా మార్చే బ్యాక్టీరియా ఫిల్టర్‌లో పెరగడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. నీళ్లు ఎంత వేడెక్కితే, ఎంత క్షారంగా ఉంటే అమ్మోనియా అంత విషమవుతుంది. మే నెలలో మన బోరు నీళ్లకు ఈ రెండూ ఉంటాయి. అందుకే కొత్త తొట్టిలో ఒకేసారి డజను చేపలు వేస్తే కొద్ది రోజులకే తేలిపోతాయి. "మాకు చేపలు అచ్చిరావు" అని మానేసిన ఇళ్లు ఎన్నో. పాపం, ఆ చేపల తప్పేమీ లేదు, ఆ ఇంటి అదృష్టం తప్పు కూడా కాదు.

రంగు చూసి కాదు, మీ ఇంటి నీళ్లు చూసి చేపను ఎంచుకోండి. బకెట్ అంచున, గీజర్ లోపల తెల్లటి పొర పేరుకుంటోందా? అయితే మీవి గట్టి నీళ్లు, అంటే లవణాలు ఎక్కువున్నవి. నియాన్ టెట్రా, డిస్కస్ జోలికి వెళ్లకండి. అవి అమెజాన్ ప్రాంతపు మెత్తని, కాస్త ఆమ్ల గుణమున్న నీళ్లలో పుట్టిన జాతులు. గప్పీ, మోలీ, ప్లాటీ, స్వోర్డ్‌టెయిల్ అలా కాదు, వాటికి గట్టి నీళ్లే ఇష్టం. వేడికి మోలీ ఇంకాస్త బాగా ఓర్చుకుంటుంది. నన్నడిగితే మొదటిసారి పెంచేవాళ్లు మగ గప్పీలతోనే మొదలుపెట్టాలి. ఆడవి కూడా ఉంటే నెలకోసారి పిల్లలు పెట్టి తొట్టి నింపేస్తాయి.

రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు తొట్టికి లెక్క ప్రకారం 56 లీటర్లు పడతాయి. ఇసుక, రాళ్లు, పైన వదిలే ఖాళీ పోతే నీళ్లు 45 లీటర్లే. అందులో ఆరేడు మగ గప్పీలు, రెండు మూడు ప్లాటీలు చాలు. ఫైటర్ చేప పైకొచ్చి గాలి పీల్చుకోగలదు కాబట్టి కరెంటు కోతను బాగానే తట్టుకుంటుంది, కానీ మగదాన్ని ఒంటరిగానే ఉంచాలి.

వాస్తు కోసమని ఫ్లవర్‌హార్న్, అరోవానా కొనేవాళ్లకు ఒక్క మాట. ఫ్లవర్‌హార్న్ అడుగు దాకా పెరుగుతుంది, అరోవానా రెండడుగులు దాటుతుంది. బొటనవేలంత సైజులో అమ్మే 'షార్క్' నిజానికి చెరువుల్లో పెంచే పంగాసియస్ అనే పెద్ద చేప. గోల్డ్‌ఫిష్ చల్లని నీటి చేప, మన మే నెల దానికి నరకం.

నీళ్లు వేడెక్కే కొద్దీ వాటిలో ఆక్సిజన్ తగ్గుతుంది. 20 డిగ్రీల దగ్గర లీటరుకు 9 మిల్లీగ్రాములు కరిగితే, 30 దగ్గర ఏడున్నరే. కాబట్టి రోహిణి కార్తెలో గాలి పంపు ఆగకూడదు, బ్యాటరీతో నడిచేది ఒకటి దగ్గర పెట్టుకోండి. పంపును నీటి మట్టం కన్నా ఎత్తులో ఉంచండి, లేకపోతే కరెంటు పోయినప్పుడు నీళ్లు పైపులోంచి వెనక్కి వస్తాయి. చిన్న ఫ్యాన్ నీటి మీదకు తిప్పితే రెండు మూడు డిగ్రీలు తగ్గుతుంది. ఐస్ ముక్కలు మాత్రం వేయకండి, ఒక్కసారిగా చల్లబడితే చేపలు తట్టుకోలేవు.

ఆవిరైన నీళ్ల స్థానంలో బోరు నీళ్లే పోస్తూ పోతే లవణాలు పెరిగిపోతాయి. ఆవిరైన మేరకు నింపడానికి ఆర్‌ఓ ప్లాంటు నుంచి తెచ్చే క్యాన్ నీళ్లు వాడండి. వారానికోసారి నాలుగో వంతు నీళ్లు మార్చడానికి మాత్రం మామూలు నీళ్లే కావాలి, అవీ తెల్లవారుజామున పట్టినవి. మధ్యాహ్నం డాబా మీది ట్యాంకు నీళ్లు సలసలా కాగుతుంటాయి. భగీరథ నల్లా నీళ్లయితే యాంటీ క్లోరిన్ చుక్కలు తప్పనిసరి. నీళ్లు మసకబారాయని పటిక వేయకండి. నల్గొండ టెక్నిక్‌లో సున్నం, పటికతో ఫ్లోరైడ్ తీసేది మనం తాగే నీళ్లకు, చేపల తొట్టికి కాదు.

దోమల స్ప్రే, లిక్విడ్ మెషిన్లు తొట్టి ఉన్న గదిలో వద్దే వద్దు. ఆ మందు చేపలకు ప్రాణాంతకం, పైగా గాలి పంపు దాన్ని నేరుగా నీళ్లలోకి లాగుతుంది. పత్తికి మందు కలిపిన బకెట్‌తో ఎన్నిసార్లు కడిగినా సరే నీళ్లు పట్టకండి.

హైదరాబాద్ నుంచి బస్సులో తెస్తుంటే సాయంత్రం బయల్దేరండి, కవర్‌ను థర్మాకోల్ డబ్బాలో పెట్టండి. ఇంటికొచ్చాక కవర్‌ను పావుగంట తొట్టిలో తేలనిచ్చి, మీ నీళ్లు కొంచెం కొంచెంగా దానిలో కలిపి, చేపలను మాత్రమే వలతో వదలండి. తర్వాత ఎప్పుడైనా వద్దనుకుంటే షాపులోనే తిరిగి ఇవ్వండి. చెరువులో గానీ కృష్ణలో గానీ వదలకండి, ముఖ్యంగా అద్దానికి అతుక్కుని పాచి తినే సక్కర్ చేపను. అది అక్కడ పెరిగిపోయి మత్స్యకారుల వలలు చింపేస్తుంది.