డీజే కంట్రోలర్‌తో పాటు బయటి మిక్సర్ వాడటం ఎలా?

కంట్రోలర్‌లోనే (ల్యాప్‌టాప్‌లోని పాటలను నడిపే పెట్టెలోనే) మిక్సర్ ఉంది కదా, మళ్లీ ఇంకోటి ఎందుకు మోసుకెళ్లాలి? న్యాయమైన ప్రశ్నే. మీరొక్కరే డీజే, రెండు పవర్డ్ స్పీకర్లు (లోపలే యాంప్లిఫైయర్ ఉన్నవి), అప్పుడప్పుడు మైక్‌లో ఒక మాట, అంతే అయితే బయటి మిక్సర్ అక్కర్లేదు. కంట్రోలర్ మాస్టర్ ఔట్ నుంచి నేరుగా స్పీకర్లకు వెళ్లిపోండి. మధ్యలో ఒక పెట్టె చేరితే నాలుగు కేబుళ్లు, ఒక అడాప్టర్, తేడా రావడానికి ఇంకో చోటు కూడా చేరతాయి.

రెండో మైక్ కావాలని ఎవరైనా అడిగిన రోజు లెక్క మారుతుంది. చిన్న కంట్రోలర్లలో సాధారణంగా ఒకే మైక్ ఇన్‌పుట్ ఉంటుంది, దానికి ఒక వాల్యూమ్ నాబ్ తప్ప ఇంకేమీ ఉండదు, కొన్నిటిలో ఆ మైక్ సౌండ్ సాఫ్ట్‌వేర్ దాకా పోకుండా నేరుగా మాస్టర్‌లో కలిసిపోతుంది కాబట్టి రికార్డింగ్‌లో కూడా రాదు. యాంకర్‌కు ఒకటి, పాడేవాళ్లకు ఒకటి, ఎవరో కీబోర్డ్ తెచ్చారు, మీ తర్వాత వాయించే డీజే తన కంట్రోలర్ పట్టుకుని పక్కన నిలబడ్డాడు: ఇవన్నీ ఒకచోట కలవాలంటే మిక్సర్ ఉండాల్సిందే. ఇంకో కారణం కూడా ఉంది, నా దృష్టిలో అన్నిటికంటే పెద్దది. ల్యాప్‌టాప్ హ్యాంగ్ అయితే కంట్రోలర్ మీద ఎన్ని నాబ్‌లు తిప్పినా సౌండ్ రాదు. మిక్సర్‌లో ఇంకో ఛానల్‌కు ఫోన్ కలిపి ఉంటే పాట రెండు సెకన్లలో మళ్లీ మొదలవుతుంది.

ముందు ఒక గందరగోళం తీర్చుకుందాం

బయటి మిక్సర్ అనే మాటతో జనం రెండు వేరువేరు పనుల గురించి మాట్లాడుతుంటారు. మొదటిది, కంట్రోలర్‌లోని డెక్‌లను (ఒక్కో పాటను నడిపే భాగాలను) విడివిడిగా బయటికి తీసి, పయనీర్ డీజేఎమ్‌లాంటి క్లబ్ మిక్సర్‌లో ఒక్కో ఛానల్‌కు ఒక్కో డెక్ ఇచ్చి, పాటలను అక్కడే కలపడం. వినడానికి బాగుంటుంది కానీ చాలా కంట్రోలర్లతో ఇది కుదరదు. వాటి లోపలి సౌండ్ కార్డ్‌కు నాలుగే ఔట్‌పుట్‌లు: రెండు మాస్టర్‌కు, రెండు హెడ్‌ఫోన్‌కు. ఒక డెక్‌ను మాస్టర్ ఔట్‌కు, ఇంకోదాన్ని హెడ్‌ఫోన్ జాక్‌కు పంపి లాగించేవాళ్లున్నారు, ట్రాక్టర్ అనే డీజే సాఫ్ట్‌వేర్‌లో ఔట్‌పుట్ రూటింగ్‌ను ఎక్స్‌టర్నల్‌కు మారిస్తే అది జరుగుతుంది కూడా. కానీ రెండు ఔట్‌పుట్‌ల లెవెల్ ఒకేలా ఉండదు, కంట్రోలర్‌లో హెడ్‌ఫోన్ చేతిలోంచి పోతుంది, ఫేడర్లు (సౌండ్ పెంచి తగ్గించే జారుడు మీటలు), ఈక్యూ (బేస్, ట్రెబుల్ సర్దే నాబ్‌లు) చాలావరకు అలంకారంగా మిగిలిపోతాయి. నిజంగా అలా వాయించాలనుంటే కంట్రోలర్‌ను వదిలేసి ప్లేయర్లు, క్లబ్ మిక్సర్ తీసుకోండి.

రెండోది, యామహా ఎమ్‌జీ, సౌండ్‌క్రాఫ్ట్, బెరింగర్ జెనిక్స్‌లాంటి మామూలు లైవ్ మిక్సర్. పాటలు కలపడం, బీట్ సరిచూడటం, హెడ్‌ఫోన్‌లో తర్వాతి పాట వినడం, ఇవన్నీ ఎప్పటిలాగే కంట్రోలర్‌లోనే జరుగుతాయి. అక్కడ తయారైన స్టీరియో సౌండ్ మిక్సర్‌లోకి ఒక ఇన్‌పుట్‌గా వెళ్తుంది, మైకులు పక్క ఛానల్స్‌లో ఉంటాయి, అన్నీ కలిసి స్పీకర్లకు పోతాయి. కింద చెప్పేదంతా ఈ పద్ధతి గురించే.

1. కంట్రోలర్ వెనక ఏ ఔట్‌పుట్‌లు ఉన్నాయో చూడండి

పెద్ద కంట్రోలర్లలో మాస్టర్‌కు రెండు రకాలు ఉంటాయి: మూడు పిన్నుల ఎక్స్‌ఎల్‌ఆర్, ఎరుపు తెలుపు ఆర్‌సీఏ. చిన్నవాటిలో ఆర్‌సీఏ ఒక్కటే. ఎక్స్‌ఎల్‌ఆర్ బ్యాలెన్స్‌డ్ కనెక్షన్, కేబుల్ దారిలో పట్టుకున్న గోలను చివర్లో తీసేస్తుంది, కాబట్టి దూరం వెళ్లినా ఇబ్బంది లేదు. ఆర్‌సీఏకు ఆ రక్షణ లేదు, మూడు నాలుగు మీటర్లు దాటనివ్వకండి. అంటే మిక్సర్ మీ టేబుల్ మీదే, కంట్రోలర్ పక్కనే ఉండాలి. ఎటూ అక్కడ ఉండటమే మేలు, చేయి అందుతుంది.

2. సరైన కేబుల్, సరైన రంధ్రం

ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడే. కంట్రోలర్ నుంచి వచ్చేది లైన్ లెవెల్ సిగ్నల్, మైక్ నుంచి వచ్చేదాని కంటే ఎన్నో రెట్లు పెద్దది. చిన్న మిక్సర్లలో ఎక్స్‌ఎల్‌ఆర్ రంధ్రాలు మైక్ కోసం పెట్టినవి, వాటి వెనక మైక్ సిగ్నల్‌ను పెద్దది చేసే ప్రీయాంప్ ఉంటుంది. కంట్రోలర్‌లో ఎక్స్‌ఎల్‌ఆర్ ఉంది, మిక్సర్‌లోనూ ఎక్స్‌ఎల్‌ఆర్ ఉంది, సరిపోయింది కదా అని అందులో పెట్టేస్తే గెయిన్ (లోపలికి వచ్చే సిగ్నల్‌ను ఎంత పెంచాలో చెప్పే నాబ్) మొత్తం తగ్గించినా సౌండ్ పగిలినట్టు వస్తుంది. పైగా కండెన్సర్ మైక్ కోసం ఎవరైనా ఫాంటమ్ పవర్ (మైక్ కేబుల్‌లోంచే మైక్‌కు వెళ్లే కరెంటు) ఆన్ చేశారనుకోండి, చిన్న మిక్సర్లలో ఒకే బటన్‌తో మైక్ ఇన్‌పుట్‌లన్నిటికీ 48 వోల్టులు పోతాయి, అది మీ కంట్రోలర్ ఔట్‌పుట్‌లోకి ఎదురెక్కుతుంది. తట్టుకుంటే అదృష్టం.

అందుకే కంట్రోలర్‌ను మిక్సర్‌లోని స్టీరియో లైన్ ఛానల్‌కే ఇవ్వండి, చాలా మిక్సర్లలో దాని మీద 5/6 అనో 7/8 అనో జంట నంబర్ ఉంటుంది. అక్కడ లావు జాక్ రంధ్రాలుంటాయి, అంటే 6.35 మిల్లీమీటర్లవి. ఎక్స్‌ఎల్‌ఆర్ ఔట్ ఉన్నవాళ్లు ఒక చివర ఎక్స్‌ఎల్‌ఆర్, ఇంకో చివర మూడు భాగాల టీఆర్‌ఎస్ జాక్ ఉన్న కేబుళ్లు రెండు తీసుకోండి. ఆర్‌సీఏ వాళ్లకు ఆర్‌సీఏ నుంచి లావు మోనో జాక్ కేబుల్ జత చాలు. కొన్ని మిక్సర్లలో స్టీరియో ఛానల్‌కు నేరుగా ఆర్‌సీఏ రంధ్రాలే ఉంటాయి, అప్పుడు ఇంకా సుఖం.

స్టీరియో ఛానల్ ఖాళీ లేకపోతే రెండు మోనో ఛానల్స్ వాడండి, ఒకదాని ప్యాన్ పూర్తిగా ఎడమకు, ఇంకోదాని ప్యాన్ పూర్తిగా కుడికి తిప్పి, గెయిన్‌లు రెండూ సమానంగా పెట్టండి. ఒకే రంధ్రం మిగిలిందని ఎడమ, కుడి ఔట్‌పుట్‌లను వై కేబుల్‌తో ఒకటిగా కట్టేయకండి, రెండు ఔట్‌పుట్‌లు ఒకదాన్నొకటి తోసుకుంటాయి. సౌండ్ మోనోలో వెళ్లాలంటే కంట్రోలర్ సెట్టింగ్స్‌లో మాస్టర్‌ను మోనో చేసి ఒక వైపు మాత్రమే పంపండి.

3. లెవెల్స్: ఈ పావుగంట తొందరపడకండి

సౌండ్ దారిలో వరుసగా ఆరు కుళాయిలున్నాయనుకోండి: కంట్రోలర్‌లో డెక్ ట్రిమ్ (ఆ డెక్ గెయిన్ నాబ్), మాస్టర్ నాబ్, మిక్సర్‌లో గెయిన్, ఛానల్ ఫేడర్, మెయిన్ ఫేడర్, చివర స్పీకర్ వెనక ఉన్న నాబ్. ఒకటి బాగా తగ్గించి తర్వాతిది బాగా పెంచితే సుయ్యిమనే శబ్దం పెరుగుతుంది, ముందుదే ఎక్కువ తెరిస్తే సౌండ్ పగులుతుంది. మొదటి నుంచి వరుసగా సెట్ చేసుకుంటూ రావాలి.

మెయిన్ ఫేడర్ పూర్తిగా దించేయండి. మీ దగ్గరున్న వాటిలో బాగా గట్టిగా మోగే పాట తీసుకుని, అందులోనూ అన్నీ ఒకేసారి మోగే చోటు ప్లే చేయండి. డెక్ ఈక్యూ మధ్యలో, ఛానల్ ఫేడర్ పైకి, ట్రిమ్ తిప్పుతూ మీటర్ ఆకుపచ్చలో నిలిచి అప్పుడప్పుడు నారింజను తాకేలా చూడండి. ఎరుపు వద్దు. కంట్రోలర్ లోపల సౌండ్ డిజిటల్‌గా ఉంటుంది, హద్దు దాటితే అలల తలలు తెగిపోతాయి, ఆ తర్వాత మిక్సర్‌లో ఎంత తగ్గించినా పగిలిన సౌండే చిన్నగా వినిపిస్తుంది. మాస్టర్ నాబ్‌ను సగం దాటి కొంచెం మీదికి పెట్టి, ఆ స్థానం గుర్తుగా చిన్న టేపు ముక్క అంటించండి.

ఇప్పుడు మిక్సర్‌లో ఆ ఛానల్ పీఎఫ్ఎల్ బటన్ నొక్కండి. అప్పుడు మీటర్ ఆ ఒక్క ఛానల్ లెవెల్‌నే చూపిస్తుంది. గెయిన్ తిప్పి పాట సున్నా దగ్గర ఆడేలా చేయండి. ఆర్‌సీఏ నుంచి వస్తే గెయిన్ కొంచెం ఎక్కువ కావాలి, ఎందుకంటే దాని మామూలు లెవెల్ మైనస్ 10 డీబీవీ, ప్రొఫెషనల్ సామాన్లది ప్లస్ 4 డీబీయూ, రెండింటి మధ్య తేడా సుమారు 12 డీబీ. కొన్ని మిక్సర్లలో ఈ తేడా కోసమే ప్లస్ 4, మైనస్ 10 అని రాసిన బటన్ ఉంటుంది, అది సరైన వైపు ఉందో లేదో చూసుకోండి. గెయిన్ కుదిరాక ఛానల్ ఫేడర్‌ను సున్నా గీత దగ్గర పెట్టి, మెయిన్ ఫేడర్‌ను మెల్లగా పెంచండి.

మిక్సర్‌లో ఆ ఛానల్ ఈక్యూ నిటారుగా మధ్యలోనే వదిలేయండి. బేస్ ఇక్కడొకసారి, కంట్రోలర్‌లో ఒకసారి పెంచితే స్పీకర్ ఊగిపోతుంది, పాటలో మాటలు మునిగిపోతాయి. ఎఫెక్ట్ సెండ్ (సౌండ్‌ను ఎకో, రెవర్బ్‌కు పంపే నాబ్) సున్నా. ఒకే నాబ్‌తో నడిచే కంప్రెసర్ (గట్టి, మెల్లని శబ్దాల తేడా తగ్గించేది) ఉంటే అది మైక్ కోసం, పాటల మీద వద్దు.

4. మైకులు

షూర్ ఎస్‌ఎమ్ 58లాంటి డైనమిక్ మైక్‌కు ఫాంటమ్ పవర్ అక్కర్లేదు, ఆఫ్‌లో ఉంచండి. లో కట్ బటన్ నొక్కండి, 80 లేదా 100 హెర్ట్జ్ కింద ఉండే చేతి రాపిడి, ఊపిరి దెబ్బలు పోతాయి, మనిషి మాటకు వచ్చే నష్టమేమీ లేదు. గెయిన్ సెట్ చేసేటప్పుడు 'హలో హలో, చెక్' అని మెల్లగా అనడం కాదు, నిజంగా ప్రోగ్రామ్‌లో అరిచినట్టే అరవమనండి. మైక్ కుయ్యిమంటే ముందు చేయాల్సింది ఈక్యూ తిప్పడం కాదు, మైక్ పట్టుకున్న మనిషిని స్పీకర్ వెనక్కి తీసుకురావడం. ఎవరూ మాట్లాడనప్పుడు ఛానల్ మ్యూట్. రెవర్బ్ (ప్రతిధ్వని) పాడేవాళ్ల మైక్‌కు సరే, అనౌన్స్‌మెంట్‌కు వేస్తే సగం మాటలు అర్థం కావు.

అనౌన్స్‌మెంట్ వచ్చినప్పుడు కంట్రోలర్ మాస్టర్‌ను ముట్టుకోకండి. మిక్సర్‌లో మ్యూజిక్ ఛానల్ ఫేడర్‌ను మైనస్ 10 గీత దాకా దించండి, మాట అయిపోగానే తిరిగి సున్నాకు. గీత ఎక్కడుందో కంటికి కనబడుతుంది కాబట్టి ముందున్న సౌండే వస్తుంది, పైగా మీరు మిక్స్ మధ్యలో ఉంటే ఈ పని పక్కనున్న ఎవరైనా చేయగలరు.

5. మీ మానిటర్ (మీరు వినే స్పీకర్)

కంట్రోలర్‌లో బూత్ ఔట్ ఉంటే మీ పక్కనున్న స్పీకర్‌ను దానికే పెట్టుకోవచ్చు, మైక్ గోల లేకుండా పాట మాత్రమే వినిపిస్తుంది, మిక్సింగ్‌కు అదే హాయి. లేకపోతే మిక్సర్‌లో ఆక్స్ సెండ్‌ను (మెయిన్ కాకుండా విడిగా సౌండ్ పంపే దారిని) ప్రీ ఫేడర్‌లో పెట్టి అందులోంచి తీసుకోండి. ప్రీ ఎందుకంటే, అనౌన్స్‌మెంట్ కోసం ఫేడర్ దించినా మీ మానిటర్‌లో సౌండ్ తగ్గదు. హెడ్‌ఫోన్ మాత్రం కంట్రోలర్‌కే ఉండాలి, తర్వాతి పాట క్యూ మిక్సర్ దాకా రాదు.

6. గుయ్యిమనే శబ్దం వస్తే

కరెంటు ఫ్రీక్వెన్సీ ఏ దేశంలోనైనా 50 లేదా 60 హెర్ట్జ్, స్పీకర్లలో లోతుగా వినిపించే హమ్ అదే, దాని రెట్టింపులు. కంట్రోలర్, ల్యాప్‌టాప్ ఒక ప్లగ్‌లో, మిక్సర్, స్పీకర్లు ఇంకో మూలన ఇంకో ప్లగ్‌లో ఉంటే ఎర్త్ తీగలు, ఆడియో కేబుళ్లు కలిసి ఒక చుట్టు అవుతాయి, అందులోంచి ఇది పుడుతుంది. ముందు ల్యాప్‌టాప్ ఛార్జర్ పీకి చూడండి. శబ్దం ఆగిపోతే దొంగ దొరికినట్టే. అన్నిటినీ ఒకే పవర్ పాయింట్ నుంచి తీసుకుంటే చాలాసార్లు పోతుంది. అప్పటికీ పోకపోతే కంట్రోలర్‌కు మిక్సర్‌కు మధ్య స్టీరియో డీఐ బాక్స్ (లైన్ సిగ్నల్‌ను మైక్ లెవెల్‌కు తగ్గించి మిక్సర్ మైక్ ఇన్‌పుట్‌లకు ఇచ్చే పెట్టె) పెట్టి గ్రౌండ్ లిఫ్ట్ బటన్ నొక్కండి, లేదా చిన్న ఐసోలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ వాడండి. ప్లగ్‌లో ఎర్త్ పిన్ విరగ్గొట్టే ఉపాయం ఎవరైనా చెబితే వినకండి. హమ్ పోతుంది నిజమే, కానీ ఏదైనా లోపం వస్తే ఆ కరెంటు మైక్ పట్టుకున్నవాళ్ల చేతికి వస్తుంది.

7. బ్యాకప్, చేతులు మారడం, రికార్డింగ్

ఫోన్ కోసం సన్న జాక్ నుంచి రెండు లావు జాక్‌ల కేబుల్ ఒకటి ఎప్పుడూ మిక్సర్‌లో పెట్టే ఉంచండి, లెవెల్ ముందే సెట్ చేసి ఫేడర్ దించి పెట్టండి. ఫోన్ ఏరోప్లేన్ మోడ్‌లో ఉండాలి, పాటలు డౌన్‌లోడ్ అయి ఉండాలి. లేకపోతే హాలు మొత్తానికి మీ రింగ్‌టోన్ వినిపిస్తుంది.

తర్వాతి డీజే వచ్చినప్పుడు అతని కంట్రోలర్‌ను ఖాళీ స్టీరియో ఛానల్‌కు కలిపి, పీఎఫ్ఎల్‌లో గెయిన్ చూసి, మీ చివరి పాట నడుస్తుండగానే అతని ఫేడర్ పైకి, మీది కిందికి. యూఎస్‌బీ పీకడం, మళ్లీ పెట్టడం లేదు, మధ్యలో నిశ్శబ్దం లేదు.

మైక్‌లతో సహా రికార్డ్ కావాలంటే మిక్సర్ రెక్ ఔట్ నుంచో, దాని యూఎస్‌బీ నుంచో తీసుకోండి, కానీ ఆ యూఎస్‌బీని మీరు వాయిస్తున్న ల్యాప్‌టాప్‌కు పెట్టకండి. ల్యాప్‌టాప్ దాన్ని కొత్త సౌండ్ కార్డ్‌గా చూసి సౌండ్‌ను అటు మళ్లించే ప్రమాదం ఉంది, పైగా ఇందాక చెప్పిన హమ్‌కు ఇంకో దారి తెరుచుకుంటుంది. వేరే ల్యాప్‌టాప్, లేదా చిన్న రికార్డర్ వాడండి.

8. ఆన్, ఆఫ్ వరుస

ఆన్ చేసేటప్పుడు ల్యాప్‌టాప్, కంట్రోలర్ ముందు, తర్వాత మిక్సర్, స్పీకర్లు చివర. ఆపేటప్పుడు దీనికి తలకిందులు: స్పీకర్లు ముందు ఆపాలి. ప్రోగ్రామ్ అయిపోగానే అలవాటుగా కంట్రోలర్ యూఎస్‌బీ లాగేస్తారు చాలామంది, ఆ ఢబ్‌మనే శబ్దం నేరుగా స్పీకర్ల మీద పడుతుంది. అందుకే మెయిన్ ఫేడర్ దించి, స్పీకర్ల స్విచ్ ఆపాకే కేబుళ్ల మీద చేయి వేయండి.