ముల్లు బరువు, స్పీకర్ల చోటు: ఇంట్లో రికార్డులు వినడానికి ఏర్పాట్లు

టర్న్‌టేబుల్ కొనే ముందు ఇంట్లో ఉన్న రికార్డులను అటక మీది నుంచి దించి, మూడు దొంతరలుగా వేరు చేసుకోవడం మంచిది. బరువుగా ఉండి, చేయి జారితే పెంకులా పగిలేవి నిమిషానికి 78 చుట్లు తిరిగే లక్క రికార్డులు. ఏడు అంగుళాల చిన్న ప్లేట్లు చాలావరకు 45 వేగానివి. పన్నెండు అంగుళాల పెద్దవి 33⅓ వేగంతో తిరిగే ఎల్పీలు. 1948లో అమెరికాలో కొలంబియా సంస్థ ఎల్పీని, మరుసటి ఏడాది ఆర్‌సీఏ 45ను తెచ్చినప్పటికీ, కలకత్తా దగ్గరి దమ్‌దమ్ కర్మాగారం నుంచి కుక్క బొమ్మ లేబుల్‌తో 78లు 1960లలో కూడా వెలువడుతూనే ఉన్నాయి. అందువల్ల తాతల నాటి పద్యాలు, పాత సినిమా పాటలు ఉన్న ఇళ్లలో ఈ లక్క ప్లేట్లు ఉండే అవకాశం ఎక్కువ.

ఈ వేరుచేత ఎందుకంటే, 78 గాడి వెడల్పు, ఎల్పీ గాడి వెడల్పు ఒకటి కావు. స్టీరియో ఎల్పీకి వాడే ముల్లు మొన వ్యాసార్ధం సుమారు 18 మైక్రాన్లు కాగా, 78కి కావలసింది దాదాపు 75 మైక్రాన్లు. సన్నని ముల్లుతో 78 వేస్తే అది గాడి గోడలను తాకకుండా అడుగున పేరుకున్న మట్టిలో పొర్లుతుంది, పాట కన్నా గరగర ఎక్కువగా వినిపిస్తుంది. కాబట్టి 78లు ఉన్నవారు ఆ వేగం ఉన్న టర్న్‌టేబుల్‌నూ, ముల్లు మార్చుకోదగిన కార్ట్రిడ్జ్‌నూ (ముల్లును పట్టి ఉంచి, దాని కదలికను విద్యుత్ సంకేతంగా మార్చే చిన్న భాగం) ఎంచుకోవాలి. ఉదాహరణకు ఆడియో-టెక్నికా వారి ఏటీ-ఎల్పీ120ఎక్స్ మూడు వేగాలలోనూ తిరుగుతుంది, అదే సంస్థ వీఎం95 వరుసలో 78ల కోసం ప్రత్యేకంగా ఒక ముల్లు ఉంది, కార్ట్రిడ్జ్ విప్పకుండానే దాన్ని మార్చుకోవచ్చు. ఉన్నవన్నీ ఎల్పీలే అయితే ఈ బెడద లేదు.

బెల్టుతో తిరిగేది మేలా, మోటారు నేరుగా తిప్పేది మేలా అన్న చర్చకు అంతులేదు. 1972లో వచ్చిన టెక్నిక్స్ ఎస్ఎల్-1200 వంటివి నేరుగా తిప్పే పద్ధతికి పేరు తెచ్చాయి, బెల్టు పద్ధతిలోనూ అంతే చక్కనివి ఉన్నాయి. నా అభిప్రాయంలో కొనేవారు చూడవలసినవి రెండే: టోన్ఆర్మ్ (కార్ట్రిడ్జ్‌ను మోసే చేయి) వెనుక తిప్పుకోగలిగిన బరువు ఉందా, కార్ట్రిడ్జ్ మార్చుకునే వీలుందా. సూట్‌కేసు ఆకారంలో ముచ్చటగా కనిపించే చవక ప్లేయర్లలో సాధారణంగా ఈ రెండూ ఉండవు. పైగా వాటి ముల్లు ఎల్పీకి తగిన బరువు కన్నా రెండు మూడు రెట్లు ఎక్కువగా గాడి మీద ఒత్తుతుంది.

అమెరికాలో ఉండే పిల్లలో, బంధువులో పాత టర్న్‌టేబుల్‌ను కానుకగా తెచ్చి ఇచ్చే ఇళ్లు మనకు తక్కువేమీ కాదు. అక్కడి కరెంటు 120 వోల్టులు, 60 హెర్ట్జ్ (సెకనుకు 60 సైకిళ్లు). ఇక్కడ 230 వోల్టులు, 50 హెర్ట్జ్. వోల్టేజీ తగ్గించే ట్రాన్స్‌ఫార్మర్ కొంటే సరిపోతుందని దుకాణంలో చెబుతారు కానీ, ఆ పెట్టె హెర్ట్జ్‌ను మార్చలేదు. కరెంటు సైకిళ్లను బట్టి తిరిగే పాత రకం ఏసీ మోటారు అయితే వేగం ఆరింట ఐదు వంతులకు పడిపోతుంది, అంటే శ్రుతి మూడు అర స్వరాలకు పైగా దిగి, లేత గొంతు కూడా బొంగురుగా వినిపిస్తుంది. చిన్న అడాప్టర్‌తో నడిచే డీసీ మోటారు రకాలకు ఈ చిక్కు లేదు. వేగం సరిగా ఉందో లేదో తెలుసుకోవడానికి 180 గీతలున్న స్ట్రోబ్ చక్రాన్ని కాగితం మీద అచ్చు వేసుకొని పళ్లెం మీద పెట్టి, మన కరెంటుతో వెలిగే పాత తరహా బల్బు కింద చూస్తే, 33⅓ వేగం కచ్చితంగా ఉన్నప్పుడు గీతలు కదలకుండా నిలబడినట్టు కనిపిస్తాయి. చాలా ఎల్ఈడీ దీపాలు ఇందుకు పనికిరావు. ఇదే పరీక్షకు అమెరికాలో 216 గీతల చక్రం వాడతారు కాబట్టి అచ్చు వేసేటప్పుడు ఏది తీసుకుంటున్నామో గమనించాలి.

టర్న్‌టేబుల్ నుంచి వచ్చే సంకేతం చాలా బలహీనమైనది, మామూలు ఎంఎం రకం (లోపల అయస్కాంతం కదిలే) కార్ట్రిడ్జ్ అయితే మూడు నుంచి ఐదు మిల్లీవోల్టులు. అంతేకాక రికార్డు కోసేటప్పుడు మంద్ర ధ్వనులను తగ్గించి, తార ధ్వనులను పెంచి కోస్తారు. 1954 నుంచి స్థిరపడిన ఈ కొలతను ఆర్ఐఏఏ అంటారు. ఈ రెంటినీ సరిచేసేది ఫోనో ప్రీఆంప్. అది టర్న్‌టేబుల్‌లోనే ఉండవచ్చు, ఆంప్లిఫయర్ వెనుక ‘ఫోనో’ అని రాసి ఉన్న చోట ఉండవచ్చు, విడి డబ్బాగానూ దొరుకుతుంది. ఎక్కడైనా ఒకచోటే పనిచేయాలి. రెండుచోట్లా పనిచేస్తే ధ్వని ఉబ్బి చీలిపోతుంది, ఎక్కడా లేకపోతే దోమ పాడినట్టు ఉంటుంది. టర్న్‌టేబుల్ నుంచి వచ్చే సన్నని ఎర్త్ తీగను ప్రీఆంప్ మీది మరకు బిగించకపోతే పాట వెనుక ఎడతెగని గుర్రు వినిపిస్తుంది.

ఇక స్పీకర్లు. పది అడుగులకు పన్నెండు అడుగుల గదిలో నిలువెత్తు స్పీకర్లు పెట్టినవారు ఆ బూమ్ శబ్దం భరించలేక చివరికి వాటి వెనుక రంధ్రాలలో గుడ్డలు కుక్కడం నేను చూశాను. అంతటి గదికి ఐదు, ఆరున్నర అంగుళాల వూఫర్ (మంద్ర ధ్వనులు పలికే భాగం) ఉన్న చిన్న స్పీకర్ల జత చాలు. ఆంప్లిఫయర్ లోపలే ఉన్నవి కొంటే సామాను తగ్గుతుంది, విడిగా కొంటే రేపు ఒకటి పాడైనా రెండోది నిలుస్తుంది. విడి ఆంప్లిఫయర్ తీసుకునేవారు వాట్ల అంకె కన్నా ముందు స్పీకర్ సెన్సిటివిటీ (ఇచ్చిన వాట్లకు ఎంత ధ్వని పలుకుతుందో తెలిపే అంకె) చూడాలి: 84 డెసిబెల్స్ స్పీకర్ నుంచి వచ్చే ధ్వని 90 డెసిబెల్స్ దాని నుంచి రావాలంటే నాలుగో వంతు వాట్లు సరిపోతాయి.

టర్న్‌టేబుల్‌నూ స్పీకర్లనూ ఒకే బల్ల మీద పెట్టకూడదు. మా హాల్లో వడ్రంగి చేత ప్రత్యేకంగా చేయించిన టేకు షోకేసు మీద నేను మూడింటినీ ఒకే వరుసలో పేర్చి, చూసినవారందరి మెప్పూ పొందాను. వాల్యూం కాస్త పెంచగానే మృదంగం దెబ్బ ఒకటి ఆగకుండా సాగి, క్రమంగా పెరిగి, ఇల్లంతా హోరుగా మారింది. స్పీకర్ అదురు చెక్క గుండా ముల్లుకు, ముల్లు నుంచి మళ్లీ స్పీకర్‌కు చేరడమే దానికి కారణం. చివరికి టర్న్‌టేబుల్‌ను గోడకు బిగించిన గట్టి పలక మీదికి మార్చాను. ఎక్కడ పెట్టినా పళ్లెం మీద రసమట్టం ఉంచి, రెండు దిక్కులా సమంగా ఉందో లేదో చూడాలి.

తర్వాతి పని తొందర లేని ఒక మధ్యాహ్నం పెట్టుకోవాలి. యాంటీ-స్కేటింగ్‌ను (టోన్ఆర్మ్ రికార్డు మధ్యకు లాగుకుపోకుండా ఆపే అమరికను) సున్నా దగ్గర ఉంచి, ముల్లు తొడుగు తీసి, టోన్ఆర్మ్‌ను దాని ఊత మీది నుంచి లేపి, పళ్లేనికీ ఊతకూ నడుమ వదలాలి. వెనుక బరువును కొద్ది కొద్దిగా తిప్పుతూ పోతే మొదట ముల్లు వైపు వాలుతుంది, తర్వాత తోక వైపు వాలుతుంది, ఒకచోట మాత్రం తక్కెడ ముల్లు నిలిచినట్టు గాలిలో నిలిచి, ఊపిరి తగిలినా ఊగుతుంది. అప్పుడు బరువును కదల్చకుండా దాని ముందున్న అంకెల వలయాన్ని మాత్రం సున్నాకు తిప్పి, ఆ తర్వాత రెండింటినీ కలిపి కార్ట్రిడ్జ్ తయారీదారు చెప్పిన అంకె వరకు తిప్పాలి. ఓర్టోఫోన్ 2ఎం రెడ్‌కు అది 1.8 గ్రాములు, ఏటీ-వీఎం95ఈకి 2 గ్రాములు. యాంటీ-స్కేటింగ్‌ను కూడా అదే అంకె దగ్గర ఉంచి మొదలుపెట్టవచ్చు. వలయం మీది అంకె నమ్మదగినది కాకపోవచ్చు కనుక ముల్లు తూచే చిన్న డిజిటల్ తూకం కొనుక్కోవడం మంచి ఖర్చు. తూకం తట్ట రికార్డు ఎత్తులో ఉన్నప్పుడే కొలత సరిగా వస్తుంది. బరువు తక్కువైతే రికార్డుకు మేలనుకోవడం పొరపాటు, పట్టు చాలని ముల్లు గాడిలో ఎగిరెగిరి పడి గోడలను చెక్కేస్తుంది.

కార్ట్రిడ్జ్ కోణం సరిచేయడానికి గీతలున్న పలక దొరుకుతుంది. బేర్వాల్డ్ పద్ధతిలో ఇరుసు మధ్య నుంచి 66 మిల్లీమీటర్ల దగ్గర, 120.9 మిల్లీమీటర్ల దగ్గర ఉన్న రెండు చుక్కల మీద ముల్లు ఉంచినప్పుడు కార్ట్రిడ్జ్ అంచులు గీతలకు సమాంతరంగా ఉండాలి. ఈ శ్రమకు ఫలితం ముఖ్యంగా ప్రతి పక్కనా చివరి పాటలో తెలుస్తుంది. ఎల్పీ అంచు దగ్గర గాడి సెకనుకు సుమారు 51 సెంటీమీటర్లు ముల్లు కింద పరుగెత్తితే, లేబుల్ దగ్గరికి వచ్చేసరికి 21 సెంటీమీటర్లే పరుగెడుతుంది. అంత ఇరుకులో కోణం ఏమాత్రం తప్పినా ‘స’కారాలు బుస కొడతాయి.

స్పీకర్లను గోడకు ఒకటిన్నర, రెండు అడుగుల ఎడంగా, మూలలకు దూరంగా, ట్వీటర్ (తార ధ్వనులు పలికే చిన్న భాగం) కూర్చున్న మనిషి చెవి ఎత్తులో ఉండేలా నిలపాలి. రెంటి మధ్య ఆరడుగులుంటే మనం కూర్చునే చోటు కూడా ఒక్కో స్పీకర్‌కు ఆరడుగుల దూరంలో ఉండాలి. తీగలు కలిపేటప్పుడు ఎర్రది ఎర్రదానికి, నల్లది నల్లదానికి కలిపినట్టు రెండువైపులా చూడాలి. పాత స్పీకర్ల మీద రంగు చెరిగిపోతే, ఆంప్లిఫయర్ నుంచి తీగ విప్పి, 1.5 వోల్టుల బ్యాటరీని క్షణం పాటు తాకిస్తే సరి: వూఫర్ ముందుకు వస్తే బ్యాటరీ ధన ధ్రువం తాకిన చోటే ఎర్రది.

ఈ అమరికను పరీక్షించడానికి మన పాత మోనో రికార్డుకు మించిన సాధనం లేదు. ఎడమ, కుడి వైపుల నుంచి ఒకే ధ్వని వస్తుంది కనుక గాయకుడి గొంతు రెండు స్పీకర్ల నడుమ ఖాళీ స్థలంలో, మనిషి నిలబడి పాడుతున్నట్టు వినిపించాలి. గొంతు ఒక పక్కకు జరిగితే దూరాలు సమంగా లేవు. ఎక్కడి నుంచి వస్తోందో తెలియకుండా గదంతా పలచగా పరుచుకుంటే ఒక స్పీకర్ తీగలు తారుమారయ్యాయి. గొంతు నడుమనే ఉన్నా వెడల్పుగా, మసకగా ఉంటే స్పీకర్లను కొద్దిగా మన వైపు తిప్పాలి. ఒక్కో అంగుళం జరిపి మళ్లీ వినాలి, ఇద్దరుంటే ఒకరు జరిపి ఒకరు వినడం సులువు. ఆంప్లిఫయర్‌లో మోనో మీట ఉంటే ఇలాంటి రికార్డులకు దాన్ని నొక్కి ఉంచాలి, ముల్లు పైకీ కిందికీ కదలడం వల్ల పుట్టే దుమ్ము చప్పుడు చాలావరకు రద్దవుతుంది.

మన ఇళ్లలో టైల్స్ నేల, సిమెంటు గోడలు, శ్లాబు కలిసి ధ్వనిని బంతిలా ఎగరేస్తాయి. గది మధ్య నిలబడి గట్టిగా చప్పట్లు కొడితే జింగుమని మోత వస్తే, స్పీకర్లకూ మనకూ మధ్య నేల మీద మందపాటి జంపఖానానో వరంగల్ దుర్రీనో రెండు మడతలు వేసి పరచాలి. పక్క గోడకు పుస్తకాల బీరువా కూడా ఉపకరిస్తుంది. బట్ట వల్ల తగ్గేది పై ధ్వనుల మోత మాత్రమే, మంద్ర ధ్వని ఉబ్బును స్పీకర్‌ను గోడ నుంచి జరిపే తగ్గించుకోవాలి.

ఎల్పీలకు వేసే ముందు ప్రతిసారీ కార్బన్ ఫైబర్ బ్రష్, బూజు పట్టినవాటికి డిస్టిల్డ్ వాటర్‌లో రెండు మూడు చుక్కల ద్రవ సబ్బు చాలు. కోస్తా తేమలో అట్టల లోపలి కాగితాలను మార్చకపోతే ఆ బూజు మళ్లీ వస్తుంది. ఎల్పీలు శుభ్రం చేసే ద్రవాలలో తరచుగా ఆల్కహాల్ ఉంటుంది, దాన్ని 78ల మీద ఒక్క చుక్క కూడా వేయకూడదు: ఆల్కహాల్‌లో లక్క కరుగుతుంది, దూదికి నల్లగా అంటుకున్నది మట్టి అనుకొని ఇంకాస్త రుద్దితే గాడే లేచి వస్తుంది.