గిరీశం మోసగాడేనా? నాటకంలో పాత్ర ఉద్దేశాన్ని, నీతిని తేల్చడం ఎలా

గిరీశం మోసగాడు, మధురవాణి మంచిది, అగ్నిహోత్రావధాన్లు మూర్ఖుడు. గురజాడ అప్పారావు నాటకం కన్యాశుల్కం మాట వస్తే పరీక్ష పేపర్లోనైనా పుస్తక చర్చలోనైనా ముందు వినబడేవి ఈ మూడు ముక్కలే. తప్పని అనలేం. కాని నాటకం చదవనివాళ్లు కూడా ఈ మాటలు అనగలరు. పాత్ర ఏం కోరి ఆ పని చేసిందన్నది ఒక ప్రశ్న, ఆ పని తప్పా ఒప్పా అన్నది మరో ప్రశ్న. రెండింటినీ విడదీసి చదివే పద్ధతి ఇది. ఒక్కో పాత్రకు ఒక సాయంత్రం చాలు.

మొదటి పని: చేతిలో ఉన్నది ఏ కూర్పో చూసుకోండి. ఈ నాటకాన్ని 1892లో విజయనగరంలో ఆడారు, 1897లో అచ్చువేశారు, 1909లో గురజాడ దాన్ని దాదాపు కొత్తగా రాశారు. ఇప్పుడు బజార్లో దొరికేది ఎక్కువగా ఏడంకాల రెండో కూర్పు. సాని మధురవాణికి ఇంత చోటు దక్కింది అందులోనే. ఒక కూర్పు చదివి, ఇంకో కూర్పు మీద వచ్చిన విమర్శను పక్కన పెట్టుకుంటే లెక్క కుదరదు.

రెండో పని: పాత్రను కాదు, పాత్ర చేసిన ఒక పనిని ఎంచుకోండి. 'గిరీశం స్వభావం' అని శీర్షిక పెడితే విశేషణాలే వస్తాయి. 'గిరీశం వితంతువు బుచ్చమ్మను లేవదీసుకుపోయాడు' అని రాసుకుంటే ఎందుకు, ఎప్పుడు, ఏం చెప్పి అనే ప్రశ్నలు వాటంతట అవే వస్తాయి. వాక్యంలో క్రియ తప్పనిసరిగా ఉండాలి.

మూడో పని: నోటుబుక్కులో ఒక పేజీని నాలుగు గళ్లు చేయండి. ఏం అన్నాడు, ఎవరితో అన్నాడు, ఏం చేశాడు, ఆ పనికి ఎవరి చేతి డబ్బు వదిలింది. ప్రతి వరసకూ అంకం, రంగం సంఖ్య వేయండి. ఒక పనికి ఆరేడు వరసలు వస్తే సరిపోతుంది.

రెండో గడిని ఎవరూ పెద్దగా పట్టించుకోరు. అసలు కిటుకు అక్కడే ఉంది. తన దగ్గర చదువుకునే వెంకటేశం ముందు గిరీశం వితంతు వివాహాల మీద ఉపన్యాసాలు దంచుతాడు. అదే మనిషి నాటకం తెర లేవగానే ఒంటరిగా నిలబడి, సంతలో సామాను కొనిపెడతానని పూటకూళ్లమ్మ దగ్గర పట్టుకెళ్లిన 20 రూపాయలు సానిదాని మీద ఖర్చుపెట్టానని తనకు తానే చెప్పుకుంటాడు. ఎదుట మనిషి ఉన్నప్పుడు అన్నమాట ఆ మనిషి కోసం అన్నది కావచ్చు. స్వగతంలో అబద్ధమాడాల్సిన అవసరం లేదు. రెండూ పొసగకపోతే స్వగతం వైపే మొగ్గండి. అయితే మనిషి తనకు తానే నచ్చజెప్పుకునే సమయం కూడా అదే, కాబట్టి పని ఏమిటో చూసి మరీ మొగ్గండి.

నాలుగో పని: డబ్బు ఎటు నుంచి ఎటు పోయిందో గీత గీయండి. అగ్నిహోత్రావధాన్లు రెండో కూతురు సుబ్బిని ముసలి లుబ్ధావధాన్లకు 1800 రూపాయలకు కుదిర్చాడు. ఈ అంకె బరువు తెలియాలంటే మొదటి కూర్పుకు గురజాడ రాసిన ఇంగ్లీషు ముందుమాట చూడాలి. విశాఖ జిల్లాలో మూడేళ్లలో 1034 కన్యాశుల్కం పెళ్లిళ్లు, అంటే డబ్బు తీసుకుని పిల్లనిచ్చిన పెళ్లిళ్లు, లెక్కకు వచ్చాయనీ, అందులో ముగ్గురు పెళ్లికూతుళ్లు ఏడాది పిల్లలనీ, వాళ్లకు 350 నుంచి 400 రూపాయలు పలికిందనీ అక్కడ ఉంది. ఏడాది పిల్లకు ధర కట్టిన ఊళ్లలో ఈ తండ్రి ఒంటరి రాక్షసుడు కాడు, నలుగురూ చేసేదే చేస్తున్నాడు. అంతమాత్రాన అతని తప్పు తేలికైపోదు. పెద్దకూతురు బుచ్చమ్మను ఇలాగే ఇచ్చి, ఆమె వితంతువై ఇంట్లో కళ్లెదుటే తిరుగుతుండగా రెండోసారి అదే పని చేస్తున్నాడు. భార్య వెంకమ్మ నూతిలో పడినా 'తాంబూలాలిచ్చేశాను, తన్నుకు చావండి' అనే మాట వెనక్కు తీసుకోడు. ఆచారం అతన్ని ఎంతవరకు నడిపించింది, ఎక్కడి నుంచి అతని మొండితనమే నడిపించింది అన్న గీతను ఈ చోట గీయాలి.

ఐదో పని: ఆ క్షణంలో పాత్రకు ఇంకే దారులు ఉన్నాయో రాయండి. ఈ మెట్టు దాటేస్తే బుచ్చమ్మకు అన్యాయం జరుగుతుంది. వితంతు వివాహ చట్టం 1856లోనే వచ్చింది. రాజమండ్రిలో వీరేశలింగం మొదటి వితంతు వివాహం చేయించింది 1881 డిసెంబరులో. చట్టం ఉంది, ఉదాహరణా ఉంది. కాని కృష్ణరాయపురం అగ్రహారంలో తండ్రి చాటున ఉన్న పిల్లకు ఆ రెండూ అందేవి కావు. ఆమె గడప దాటడానికి ప్రేమ ఒక్కటే కారణమని రాసేవాళ్లు చాలామంది. తను వెళ్లిపోతే చెల్లెలి పెళ్లి తప్పుతుందన్న ఆశ కూడా ఆ అడుగులో ఉంది. ఆ ఆశను గిరీశం ఎలా వాడుకున్నాడో చూస్తే ఒకే ప్రయాణంలో ఇద్దరి ఉద్దేశాలు ఎంత దూరంగా ఉన్నాయో అర్థమవుతుంది.

ఆరో పని: ఉద్దేశాన్ని ఒక వాక్యంలో, ఫలితాన్ని ఇంకో వాక్యంలో పెట్టండి. కరటక శాస్త్రి మేనకోడలు సుబ్బిని కాపాడాలనుకున్నాడు. అందుకు శిష్యుడికి ఆడవేషం వేసి, గుంటూరు శాస్త్రినని చెప్పి, లుబ్ధావధాన్లకే పెళ్లికూతురిగా కట్టబెట్టాడు. ఆ 'పిల్ల' మాయమయ్యాక ముసలాయన మీద ఖూనీ నేరం పడింది. కోరిక మంచిది, సాధనం అబద్ధం, దెబ్బ తిన్నది మూడో మనిషి. ఆ ముసలివాడు మంచివాడు కాకపోయినా ఖూనీ మాత్రం చేయలేదు.

ఇక మధురవాణి. ఇక్కడ తొందరపడకండి. పెళ్లికూతురి వేషం వేసిన శిష్యుడికి పెట్టడానికి ఆమె తన కంటె (మెడ నగ) ఇస్తుంది. ఆ పిల్ల కనబడకుండా పోయాక కంటె తెచ్చిస్తేగాని కుదరదని, తనను ఉంచుకున్న రామప్పంతులు మీద పడుతుంది. పిల్ల ఎవరో, ఎందుకు మాయమైందో ఆమెకు ముందే తెలుసు. ఒకే కంటెతో సుబ్బి పెళ్లి తప్పించింది, పంతులునూ వదిలించుకుంది. మొదటిది రాసి రెండోది దాచితే ఆమెను దేవతను చేసినట్టు. రెండోది రాసి మొదటిది మరిస్తే ఆమె వృత్తి చూసి తీర్పు చెప్పినట్టు. రెండూ రాయండి.

ఆ తర్వాత ఏడో అంకంలో విశాఖపట్నం రంగం నెమ్మదిగా, వీలైతే పైకి చదవండి. సానివాళ్ల ముఖం చూడనని నియమం పెట్టుకున్న వకీలు సౌజన్యారావు దగ్గరకు ఆమె మగవేషంలో వెళుతుంది. లుబ్ధావధాన్లను బయటపడేసే రహస్యం తన దగ్గర ఉంది, ఖరీదు ఒక్క ముద్దు అంటుంది. ఆయన గుంజాటన పడి చివరికి ఒప్పుకుంటాడు. అప్పుడు ఆమే ఆపుతుంది, చెడనివారిని చెడగొట్టవద్దని తల్లి చెప్పిందని. గళ్లలో నింపి చూడండి: అడిగింది ముద్దు, తీసుకున్నది ఆయన ఇచ్చిన భగవద్గీత, ఇచ్చింది ఒక నిర్దోషి ప్రాణం. అంతటి సజ్జనుడిలోనూ ఒక జాతి మనుషులందరినీ కలిపి అసహ్యించుకునే గుణం ఉందని ఆ ముద్దు బేరమే బయటపెట్టింది. నీతి గురించి ఈ నాటకం అడిగిన అతి కష్టమైన ప్రశ్న ఇదే. దీన్ని రెండు వాక్యాల్లో తేల్చేయకుండా కనీసం అరపేజీ ఇవ్వండి.

చివరి పని రాయడం. తరచూ జరిగే పొరపాటు నవ్వు దగ్గర వస్తుంది. గిరీశం నవ్విస్తాడు గనక అతని తప్పులు చిన్నవిగా కనిపిస్తాయి. నవ్వించిన మాటలన్నీ కొట్టేసి, అతను చేసిన పనులు మాత్రం వరసగా చదవండి, బరువు తెలుస్తుంది. ఈనాటి న్యాయంతో మాత్రమే కొలవడం ఇంకో పొరపాటు, 'ఆ రోజులంతే' అని వదిలేయడం దానికి జోడు. వెంకమ్మదీ ఆ రోజుల్లోని బతుకే, ఆమెకు అది తప్పని తెలిసింది.

మీ పేరా ఇలా మొదలుకావచ్చు: 'సంస్కరణను నమ్మి కాదు, ఆమె అందం మీద మోజుతో, సంస్కరణ మాటలను మెట్లుగా వాడుకుని గిరీశం బుచ్చమ్మను తీసుకుపోయాడు. అయినా ఆ ప్రయాణం వల్లే బుచ్చమ్మ సౌజన్యారావు కంటపడి, పూనాలోని వితంతు శరణాలయం దారి పట్టింది. గిరీశం "డామిట్, కథ అడ్డంగా తిరిగింది" అన్నది అప్పుడే.' దీని కింద అంకం, రంగం సంఖ్యలు వేసి, మీ నాలుగు గళ్ల పేజీని ఎదురుగా పెట్టుకుని, దేనికి రుజువు లేదో ఆ మాట కొట్టేయండి.