సైకిల్ చక్రాలకు రంగు దీపాలు కట్టుకోవడం ఎలా?

ముందు తెల్ల దీపం, వెనక ఎర్ర దీపం పెట్టుకుని జాగ్రత్తగా వెళ్లే సైకిలిస్టు కూడా పక్కనుంచి చూసేవాళ్లకు చీకట్లోనే ఉంటాడు. ముందు దీపం వెలుగు ముందుకే పోతుంది, వెనకది వెనకవాళ్లకే కనిపిస్తుంది. సందులోంచి మెయిన్ రోడ్డు ఎక్కే ఆటోకు గానీ, నాలుగు రోడ్ల కూడలిలో అడ్డంగా వచ్చే బైకుకు గానీ సైకిల్ ఉన్నట్టే తెలియదు.

స్పోకులకు బిగించి ఇచ్చే పసుపు రిఫ్లెక్టర్లు ఉన్నాయి కదా అంటారు. ఉన్నాయి, వాటిని పీకకండి. కానీ రిఫ్లెక్టర్‌కు సొంత వెలుగు లేదు. తన మీద పడిన వెలుగును వచ్చిన దారినే తిప్పి పంపుతుంది, అంతే. అడ్డంగా వచ్చే బండి హెడ్‌లైటు దాని మీద పడే సమయానికి బండీ సైకిలూ దాదాపు ఒకే చోటికి చేరి ఉంటాయి. చక్రానికే దీపం ఉంటే ఎవరి హెడ్‌లైటు కోసమూ ఎదురుచూడాల్సిన పని లేదు. పైగా రెండు వెలుగు వలయాలు పక్కపక్కనే దొర్లుతూ వస్తుంటే అది సైకిల్ అని వేరే చెప్పాలా?

ఇక సరదా సంగతి. స్పోకులకు రంగు పూసలు గుచ్చడం, చక్రం నడుమ ఉండే హబ్బులకు రంగుల కుచ్చులు తొడగడం, ఆయుధ పూజ నాడు రంగు కాగితాలు చుట్టడం మనకు కొత్త కాదు. ఆ ముచ్చటకే ఇప్పుడు ఎల్‌ఈడీలు తోడయ్యాయి. ఒక చక్రానికి గంట పని. చేతికి స్క్రూడ్రైవర్ కూడా పెద్దగా అవసరం పడదు.

ఏది కొనాలి?

బజారులో ప్రధానంగా నాలుగు రకాలు దొరుకుతాయి. గాలి కొట్టే వాల్వు మూత స్థానంలో బిగించేవి అన్నిటికన్నా తేలిక. చక్రం తిరిగితే వెలుగుతాయి, ఆగితే ఆరిపోతాయి. అయితే ఇవి ఎక్కువగా మోటారు సైకిల్ తరహా వాల్వులకు సరిపోయేలా వస్తాయి. పాతకాలపు నల్ల సైకిళ్ల వాల్వు వేరు, రేసింగు సైకిళ్ల సన్న వాల్వు వేరు. కొనే ముందు మీ చక్రం వాల్వు ఫోటో తీసుకుని షాపుకు వెళ్లండి. రెండో రకం స్పోకుకు క్లిప్పులా పట్టే చిన్న దీపం. మూడోది సీరియల్ లైట్లు, అంటే సన్నని రాగి తీగకు వరసగా ఎల్‌ఈడీలు అతికి, చివర సెల్లుల డబ్బా ఉండేవి. నాలుగోది చక్రం తిరుగుతుంటే గాలిలో బొమ్మలు చూపించేది. దాని గురించి తర్వాత చెబుతాను.

నా ఓటు మూడో రకానికే. కారణం కంటి లక్షణంలో ఉంది. వెలుగు పోయాక కూడా సుమారు సెకనులో పదో వంతు సేపు దాని జాడ కంట్లో నిలుస్తుంది. కాకరపువ్వొత్తిని చేత్తో గిరగిరా తిప్పితే గాలిలో సున్నా కనిపించేది అందుకే. 26 అంగుళాల చక్రం ఒక్కసారి తిరిగితే సైకిల్ రెండు మీటర్ల పైచిలుకు ముందుకు పోతుంది. గంటకు 15 కిలోమీటర్ల వేగంలో చక్రం సెకనుకు రెండుసార్లు తిరుగుతుంది. అంటే కంట్లో జాడ నిలిచే ఆ కాస్త సమయంలో చక్రం అయిదో వంతే తిరిగింది. వాల్వుకు పెట్టిన ఒంటరి దీపం ఆ వేగంలో పూర్తి వలయం గీయలేదు, ఒక తునకే గీస్తుంది. సీరియల్ లైటు రిమ్ము చుట్టూ పరుచుకుని ఉంటుంది కాబట్టి నడకంత నెమ్మదిగా పోతున్నా వలయం నిండుగా ఉంటుంది. సిగ్నల్ దగ్గర ఆగినా దీపాలు వెలుగుతూనే ఉంటాయి. వాల్వు దీపాల్లో లేని సుగుణం ఇదే.

చక్రానికి 3 మీటర్ల సీరియల్ లైటు ఒకటి చొప్పున తీసుకోండి. 26 అంగుళాల చక్రంలో రిమ్ము లోపలి అంచు చుట్టూ ఒక చుట్టుకు సుమారు 1.75 మీటర్ల తీగ పడుతుంది. హబ్బు నుంచి రిమ్ము దాకా ఎక్కడానికి మరో పావు మీటరు. మిగిలిన మీటరుతో హబ్బుకు 16 సెంటీమీటర్ల దూరంలో చిన్న వలయం ఒకటి వస్తుంది. పిల్లల సైకిల్‌కు 2 మీటర్లది చాలు.

డబ్బా విషయంలో మూడు పెన్సిల్ సెల్లులు పట్టేది మంచిది. బిళ్ల సెల్లులతో వచ్చేవి తేలికే కానీ త్వరగా నీరసించిపోతాయి. ఇంట్లో పసిపిల్లలుంటే బిళ్ల సెల్లులు అసలే వద్దంటాను. మింగితే అన్నవాహికలో ఇరుక్కుని రెండు గంటల్లోనే లోపల కాల్చేయగలవు. తప్పదనుకుంటే మూతకు స్క్రూ ఉన్న డబ్బా చూసి కొనండి, మింగారన్న అనుమానం వస్తే ఒక్క క్షణం ఆగకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి. గోడకున్న ప్లగ్గులో పెట్టే పండగ సీరియల్ సెట్లను కత్తిరించి వాడాలన్న ఆలోచన పెట్టుకోకండి.

ఇవి కాక సన్నని చిన్న కేబుల్ టైలు (లాగితే బిగుసుకునే ప్లాస్టిక్ పట్టీలు) ఓ పాతిక, పాత సైకిల్ ట్యూబు ముక్క ఒకటి, గోళ్లు తీసుకునే కట్టర్, తడిగుడ్డ దగ్గర పెట్టుకోండి. ట్యూబు ముక్క పంక్చర్ షాపులో అడిగితే ఊరికే ఇస్తారు.

డబ్బా బిగించడమే అసలు పని

సైకిల్‌ను తలకిందులుగా, సీటు మీదా హ్యాండిల్ మీదా నిలబెట్టండి. స్పోకులనూ హబ్బునూ తడిగుడ్డతో తుడిచి ఆరనివ్వండి. నూనె జిడ్డు ఉంటే టై జారుతుంది. డబ్బాలో సెల్లులు వేసి, లైట్లన్నీ వెలుగుతున్నాయో లేదో ఇప్పుడే చూసుకోండి. అంతా కట్టాక ఒక బల్బు వెలగలేదని విప్పడం విసుగు.

డబ్బా ఎక్కడ ఉండాలన్నదానికి ఒక్కటే జవాబు: హబ్బుకు ఆనుకుని. సెల్లులతో కలిపి డబ్బా సుమారు 90 గ్రాములు ఉంటుంది. గంటకు 25 కిలోమీటర్ల వేగంలో రిమ్ము దగ్గర ఉన్న వస్తువును బయటికి లాగే బలం దాని బరువుకు పన్నెండు రెట్లు. అంటే ఆ చిన్న డబ్బా కిలోకు పైగా బరువున్న వస్తువులా టైలను గుంజుతుంది. అదే హబ్బు పక్కన, మధ్య నుంచి 6 సెంటీమీటర్ల దూరంలో ఉంటే రెండున్నర రెట్లే. రిమ్ముకు కట్టిన డబ్బా ఏదో ఒక గుంత దగ్గర ఎగిరి పడుతుంది. హబ్బు దగ్గరిది ఎక్కడికీ పోదు.

స్పోకులు కుడివైపు ఒక వరస, ఎడమవైపు ఒక వరస ఉంటాయి. ఆ రెండు వరసల మధ్య ఖాళీలో డబ్బా కూర్చోవాలి. హబ్బు దగ్గర స్పోకులు ఇరుకుగా ఉంటాయి కాబట్టి అక్కడినుంచి డబ్బాను దూర్చలేరు. 36 స్పోకుల చక్రంలో ఒకే వైపున్న రెండు స్పోకుల మధ్య రిమ్ము దగ్గర దాదాపు 10 సెంటీమీటర్ల ఎడం ఉంటుంది. అక్కడ లోపలికి తోసి, మెల్లగా హబ్బు వైపు జార్చండి. ఇలా కూర్చున్న డబ్బా పక్కకు ఊడిపడదు, చక్రాన్ని రెండు పక్కలా పట్టి ఉంచే ఫోర్కుకు రాసుకోదు.

లోపలికి పంపే ముందే దానికి ట్యూబు తొడుగు వేయాలి. ట్యూబును అడ్డంగా నాలుగు వేళ్ల వెడల్పు ముక్కగా కోస్తే గొట్టంలాంటి రబ్బరు పట్టీ వస్తుంది. దాన్ని సాగదీసి డబ్బాకు తొడిగితే ఒకేసారి మూడు పనులు జరుగుతాయి. మూత ఊడదు, వాన చినుకు అంత తేలిగ్గా లోపలికి పోదు, స్పోకుల మధ్య టకటక శబ్దం రాదు. స్విచ్ ఉన్నచోట చిన్న రంధ్రం పెట్టి, ఆ వైపు బయటికి కనిపించేలా ఉంచండి. వెనక చక్రంలో అయితే స్విచ్ చైను లేని వైపుకు, అంటే ఎడమకు తిప్పండి. చైను పక్క వేలు పెట్టే అలవాటు మంచిది కాదు.

ఇంకో చిన్న కిటుకు. వాల్వు బరువు చక్రానికి ఒక వైపే ఉంటుంది. డబ్బాను దానికి సరిగ్గా ఎదురు వైపు పెట్టండి. హబ్బుకూ డబ్బాకూ కలిపి రెండు టైలు, డబ్బాకూ చెరో పక్క స్పోకుకూ కలిపి ఒక్కో టై, మొత్తం నాలుగు. వేలితో ఊపితే కదలకూడదు.

తీగ చుట్టడం

డబ్బా నుంచి వచ్చే తీగను దగ్గరి స్పోకుకు రెండు మూడు మెలికలు చుడుతూ రిమ్ము దాకా తీసుకెళ్లండి. రిమ్ముకు రెండు వేళ్ల దూరంలో ఆగి, అక్కడినుంచి ఒక స్పోకుకు బయటనుంచి, తర్వాతిదానికి లోపలినుంచి బుట్ట అల్లినట్టు పోనివ్వండి. ఇలా అల్లితే దీపాలు రెండు వైపులకూ కనిపిస్తాయి. ఒకే వైపు పరిచేస్తే కుడిపక్కనుంచి చూసేవాడికి దీపాలు, ఎడమపక్కవాడికి చీకటీ మిగులుతాయి. ప్రతి నాలుగో స్పోకు దగ్గర ఒక టై వేయండి. టై బిగించేటప్పుడు తీగ నలగకూడదు. దాని మీది పూత చాలా పలచన, తీగ తెగితే అక్కడినుంచి మిగతా లైట్లన్నీ ఆరిపోతాయి.

చుట్టు పూర్తయ్యాక మిగిలిన తీగను మరో స్పోకు మీదుగా లోపలికి దించి చిన్న వలయం చేసి, చివరను స్పోకుకు చుట్టి టై వేసేయండి. వేలాడే తోక అంగుళం కూడా మిగలకూడదు.

టైల చివరలను కత్తెరతో కోస్తే కొస మిగిలి, తుడిచేటప్పుడు చేతికి బ్లేడులా గీసుకుంటుంది. గోళ్ల కట్టర్‌తో ముడి మొదలుకు కోస్తే నున్నగా వస్తుంది. టైలకు బదులు ఇన్సులేషన్ టేపు వాడమని చెప్పేవాళ్లున్నారు. మన ఎండలకు దాని జిగురు కరిగి కారి, స్పోకు నిండా నల్ల బంక మిగులుతుంది.

బ్రేకు రబ్బర్లు రిమ్మును పట్టేచోట తీగ గానీ టై గానీ ఉండకూడదు. డిస్కు బ్రేకు ఉంటే ఆ పళ్లెం వైపు తీగను పోనివ్వకండి, బ్రేకు వేసినప్పుడు అది బాగా వేడెక్కుతుంది. వేగం చూపే మీటరు కోసం స్పోకుకు అయస్కాంతం ఉంటే దాన్ని కదిలించకండి.

ఇప్పుడు చక్రాన్ని చేత్తో వేగంగా తిప్పి చెవి పెట్టి వినండి. టిక్ టిక్ అని వినిపిస్తే ఏదో టై కొస ఫోర్కుకో మడ్‌గార్డు కమ్మీకో తగులుతోంది. మెల్లగా తిప్పుతూ దాన్ని పట్టుకుని వెనక్కి మళ్లించండి. వెనక చక్రానికి అన్ని గేర్లూ మార్చి చూడండి. తర్వాత ఖాళీ స్థలంలో ఒక చుట్టు వేసి, రెండు బ్రేకులూ పట్టి చూశాకే రోడ్డెక్కండి.

రంగు, మెరుపు

డబ్బా స్విచ్ నొక్కితే వెలిగి ఆరేవి, పాకేవి, మినుకుమనేవి ఇలా రకరకాలుగా మారుతుంటాయి. చక్రానికి మాత్రం నిలకడగా వెలిగేదే అందం. చక్రం తిరగడమే ఒక కదలిక, దానికి మినుకులు కూడా తోడైతే వలయం ముక్కలు ముక్కలై కళ్లకు చికాకు. ముందు చక్రానికి లేత పసుపు, వెనక దానికి మీకు నచ్చిన రంగు ఏదైనా పెట్టుకోవచ్చు. ఎరుపూ నీలమూ కలిపి మినుకుమనిపించడం మాత్రం వద్దు, పోలీసు బండి అనుకుని జనం తికమకపడతారు. జర్మనీలో చదువుకుంటున్న మన పిల్లలు ఇంకాస్త చూసుకోవాలి. అక్కడ సైకిల్ దీపం మినుకుమనకూడదు, చక్రాలకు పసుపు రిఫ్లెక్టర్లో వెలుగును తిప్పిపంపే తెల్లని వలయమో, అలాంటిది ఏదో ఒకటి తప్పనిసరి.

ముందే అనుకున్న బొమ్మల దీపాల్లో ఎల్‌ఈడీలు హబ్బు నుంచి రిమ్ము దాకా ఒక పట్టీగా ఉంటాయి. చక్రం తిరుగుతున్నప్పుడు ఏ క్షణాన ఏ బల్బు వెలగాలో లోపలి చిప్ లెక్కగట్టి గాలిలో పువ్వునో పేరునో గీస్తుంది. ఫోర్కుకు పెట్టిన చిన్న అయస్కాంతం ద్వారా చక్రం ఒక చుట్టు తిరిగిందని దానికి తెలుస్తుంది. చూడముచ్చటగా ఉంటాయి, కానీ ఒకే పట్టీ ఉన్నదైతే నెమ్మదిగా పోతున్నప్పుడు బొమ్మ నిలవదు. మూడు నాలుగు పట్టీలున్నవి ఖరీదు. హైదరాబాద్ ఔటర్ రింగు రోడ్డు వెంట 2023 అక్టోబరులో తెరిచిన 23 కిలోమీటర్ల సోలార్ పైకప్పు సైకిల్ ట్రాక్ లాంటి చోట, బండ్ల బెడద లేకుండా ఒకే వేగంతో తొక్కేవాళ్లకు అవి బాగుంటాయి. కూరగాయలకూ ట్యూషన్‌కూ వెళ్లే సైకిల్‌కు సీరియల్ లైటే నయం.

చక్రాల దీపాలు ఎంత వెలిగినా ఎదుటినుంచి, వెనకనుంచి చూసేవాళ్లకు చక్రం సన్నని గీతే. అందుకని ముందు తెల్ల దీపం, వెనక ఎర్ర దీపం లేకుండా వీటిని మాత్రమే నమ్ముకుని బయల్దేరవద్దు. ముఖ్యంగా పల్లెదారిలో, వెనక దీపం లేని ట్రాక్టరు ట్రాలీలూ గేదెలూ మీకు కనిపించాలంటే ముందు దీపమే దిక్కు.

వానలో తడిసి వస్తే ట్యూబు తొడుగు తీసి డబ్బా మూత తెరిచి ఆరనివ్వండి. మూడు సెల్లులూ ఒకేసారి మార్చండి, పాతవీ కొత్తవీ కలపవద్దు. ఛార్జింగు సెల్లులు వాడుకోవచ్చు, ఒక్కోటి 1.5 వోల్టులకు బదులు 1.2 వోల్టులే ఇస్తుంది కనుక వెలుగు కాస్త తగ్గుతుంది. ఏడాదంతా కొత్త సెల్లులు కొనే ఖర్చుతో పోలిస్తే ఆ తేడా భరించవచ్చు. నెలల తరబడి సైకిల్ తీయనప్పుడు సెల్లులు బయటికి తీసి పెట్టండి, లేకపోతే అవి కారి డబ్బాలోని స్ప్రింగులు తెల్లగా తుప్పు పడతాయి.